డాక్టరు వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళమున జన్మించెను. విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సలిపి డాక్టరు పట్టమును పొందెను. పట్టణమున వైద్యశాల తెరచినచో ధనమునకు కొదవ యుండెడిది కాదు. ఆయన దృష్టి మాత్రము బీదవారి తిండిలోని కొరతలపై నిలిచెను.

హిమాలయముల పాదమున కాంగ్రా లోయ కలదు. అచ్చట పిల్లలు, పెద్దలు అనేకులు గళగండముతో బాధపడుచుండిరి. కంఠమున శ్వాసనాళమునకు ముందు సీతాకోకచిలుక ఆకారమున థైరాయిడ్ గ్రంథి యుండును. దేహము ప్రాణవాయువును ఎంత వేగముగా వినియోగించుకొనవలెనో నిర్ణయించునది దీని రసమే. రసము మితిమీరినచో ఊపిరి వడివడిగా సాగును. మిక్కిలి తగ్గినచో దేహము మందగించి ఊపిరియు నెమ్మదించును. ఆ రసము తయారగుటకు అయొడిన్ కావలెను. అది చాలనప్పుడు గ్రంథి ఉబ్బును. బాగుగా పెరిగిన గడ్డ శ్వాసనాళమును నొక్కగా, రోగి వెల్లకిల పరుండి ఊపిరి పీల్చుటకే అవస్థపడును. అంతకంటె ఘోరమైనది మరొకటి కలదు. తల్లి గర్భముననే అయొడిన్ కొరవడిన శిశువు చెవుడు, మూగతనము, మందబుద్ధితో పుట్టవచ్చును.

నేల చేయు కీడు అనంతపురము మెట్టసీమవారికి తెలియనిది కాదు. ఇచ్చటి అనేక గ్రామముల నీటిలో ఫ్లోరైడు మిక్కుటమై దంతములను, ఎముకలను చెరచును. కాంగ్రాలో కీడు చేసినది నేలలో ఉన్నది కాదు, లేనిది. మంచు, వానలు యుగములుగా అచ్చటి అయొడిన్‌ను కడిగివేసినవి.

ఉప్పులో అయొడిన్ కలుపు పద్ధతిని స్విట్జర్లాండువారు 1922 నుండియే ఎరుగుదురు. మన పల్లెలలో అది ఫలించునా? 1956లో రామలింగస్వామి సహచరులతో కలిసి, సుమారు లక్షమంది నివసించు ప్రాంతమును మూడు భాగములుగా విభజించెను. రెండు భాగములకు అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును అందజేసిరి. మూడవ భాగమువారికి మేలు ఆలస్యమైన మాట నిజమే. కాని పోల్చి చూపనిదే దేశమంతటి ఉప్పును మార్చుటకు ఎవరు పూనుకొందురు? ఆరేండ్లకు మొదటి రెండు భాగముల బడిపిల్లలలో గళగండము చాలవరకు తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. 1962లో అచ్చటికిని అయొడిన్ ఉప్పు చేరెను. ఆ ఏటనే భారత ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకమును ప్రారంభించెను.

తరువాత ఆయన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగను, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టరు జనరలుగను పనిచేసెను. 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 2001 మే 28వ తేదీన కీర్తిశేషుడయ్యెను.