పెళ్ళి పందిరి నుంచి ఫోర్త్ వంతెన దాకా: సివిల్ ఇంజనీర్లు మరిచిపోయిన మాక్స్‌వెల్

ఎడిన్‌బర్గ్‌కు చుట్టపుచూపుగా వచ్చే మనవాళ్ళని నేను తప్పకుండా తీసుకువెళ్ళే చోట్లు మూడున్నాయి. ఒకటి కోట, రెండోది ఊరికి పడమటి వైపునున్న ఫోర్త్ రైలు వంతెన, మూడోది ఇండియా స్ట్రీట్‌లో 14వ నంబరు ఇల్లు. కోట దగ్గర ఫోటోలు దిగుతారు. వంతెన చూసి అబ్బురపడతారు. ఇల్లు చూపిస్తే మాత్రం ఇందులో ఏముందన్నట్టు నా ముఖం వంక చూస్తారు. రాతితో కట్టిన మేడల వరసలో అదీ ఒకటి, అంతే. కానీ 1831 జూన్ 13న జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పుట్టింది ఆ ఇంట్లోనే. వచ్చినవాళ్ళలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళుంటే గుడి ముందు నిలబడ్డట్టు నిలబడతారు. రేడియోకీ, టీవీకీ, సెల్‌ఫోనుకీ ఆధారమైన విద్యుదయస్కాంత సిద్ధాంతం ఆయనదే కదా! సివిల్ ఇంజనీర్లు మాత్రం ఆయనతో తమకేం సంబంధం అనుకుంటారు. నేనూ సివిల్ ఇంజనీరునే. ఆ సంబంధమేమిటో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మాది రాజమండ్రి. గోదావరి మీద పాత హేవలాక్ వంతెన ఇనుప గర్డర్ల గుండా రైలు వెళుతుంటే ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. 56 స్పాన్ల ఆ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసింది. అలాంటి వంతెనలు కట్టాలనే నేను ఇంజనీరింగులో చేరాను. తీరా చేరాక స్ట్రక్చరల్ ఎనాలిసిస్ అనే సబ్జెక్టు నాకు కొరుకుడు పడలేదు. ట్రస్ బొమ్మ గీసి, ఖాళీలకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి, పక్కనే బలాల బొమ్మ గీయమనేవారు. దాని పేరు మాక్స్‌వెల్ డయాగ్రమ్. మాక్స్‌వెల్ రెసిప్రొకల్ థీరమ్ అని మరొకటి ఉండేది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తుందని దాన్ని బట్టీ పట్టాను. ఈ మాక్స్‌వెల్, ఫిజిక్సు పుస్తకంలో ఉన్న మాక్స్‌వెల్ ఒక్కరేనని కూడా అప్పుడు నాకు తెలియదు.

బట్టీ చదువుకి ఫలితం ఉద్యోగంలో అనుభవించాను. చేరిన కొత్తలో సముద్ర తీరాన ఒక పెద్ద రేకుల షెడ్డుకు ట్రస్సులు డిజైన్ చేసే పని నాకు అప్పగించారు. పైనుంచి పడే బరువంతా లెక్కగట్టాను. అడుగున ఉండే కమ్మీ ఎప్పుడూ లాగబడుతూనే ఉంటుంది కాబట్టి సన్నగా ఉన్నా చాలనుకున్నాను. డ్రాయింగులు వర్క్‌షాపుకు వెళ్ళిపోయాయి కూడా. ఆ సమయంలో మా పెద్ద ఇంజనీరు గారు నన్ను పిలిచి, గాలి షెడ్డులోకి దూరి పైకప్పును ఎత్తితే ఏమవుతుందో బొమ్మ గీసి చూపించమన్నారు. గీశాను. బాణాలన్నీ తిరగబడ్డాయి. లాగబడాల్సిన సన్న కమ్మీ నొక్కబడుతోంది. నొక్కితే అది పుల్లలా వంగిపోతుంది, దానితోపాటు కప్పూ పోతుంది. 1977 ఉప్పెన చూసిన కోస్తా వాణ్ణి, గాలినే మరిచిపోయాను! ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. పని ఆపించి, ఆ ట్రస్సులన్నీ మళ్ళీ నాచేతనే చేయించారు. ఆ షెడ్డు కింద రోజూ పనిచేయబోయే మనుషుల్ని తలచుకుని నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మాక్స్‌వెల్ ఎవరో, ఆ బొమ్మ ఎలా పుట్టిందో తెలుసుకోవాలనే పట్టుదల అప్పుడే మొదలైంది. ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చాక ఆ కోరిక తీరింది.

మాక్స్‌వెల్ తండ్రి జాన్ న్యాయవాది, తల్లి ఫ్రాన్సెస్. బాల్యమంతా స్కాట్లండు నైరుతి మూలన గ్లెన్‌లెయిర్ అనే సొంత ఎస్టేటులో గడిచింది. తలుపు తాళం దగ్గర్నుంచి వాగులో నీళ్ళ దాకా ప్రతిదీ ఎలా పనిచేస్తుందో చెప్పేదాకా పెద్దల్ని వదిలిపెట్టేవాడు కాదట. ఎనిమిదేళ్ళ వయసులో, 1839లో, తల్లి కడుపులో క్యాన్సరుతో చనిపోయింది. ఇంట్లో పాఠాలు చెప్పడానికి పెట్టిన కుర్ర మాస్టారు చేయి చేసుకునేవాడు. చివరికి 1841లో ఎడిన్‌బర్గ్ అకాడమీలో చేర్చి, హెరియట్ రోలో ఉన్న మేనత్త ఇంట్లో ఉంచారు. తండ్రి తానే రూపొందించి కుట్టించిన పల్లెటూరి దుస్తులు, చతురస్రపు ముక్కున్న బూట్లు వేసుకుని బడికి వెళ్ళిన ఆ పిల్లవాణ్ణి తోటివాళ్ళు ఏడిపించి, పిచ్చివాడనే అర్థం వచ్చే ముద్దుపేరు తగిలించారు. కొత్త దేశంలో మొదటిసారి బడికి వెళ్ళిన మన పిల్లల అవస్థ తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆ పిచ్చివాడే 14 ఏళ్ళకు, దారమూ గుండుసూదులతో అండాకారపు వక్రరేఖలు గీసే పద్ధతి మీద వ్యాసం రాశాడు. పిల్లవాడు సభలో నిలబడి చదవడం మర్యాద కాదు కాబట్టి, 1846లో ఎడిన్‌బర్గ్ రాయల్ సొసైటీలో ప్రొఫెసర్ ఫోర్బ్స్ దాన్ని చదివారు. 16 ఏళ్ళకు ఎడిన్‌బర్గ్ యూనివర్సిటీలో చేరాడు. ఈ ఊళ్ళోనే ఉండే విలియం నికోల్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు కాంతిని వడకట్టే రెండు పట్టకాలు బహుమతిగా ఇచ్చారు. వాటి మధ్య గాజుముక్కలు పెట్టి, జెల్లీ పోసి మెలిపెట్టి, లోపల ఒత్తిడి ఎక్కడెక్కడ ఎంతుందో రంగుల చారల రూపంలో చూశాడు. 1850లో, ఇంకా 19 ఏళ్ళు నిండకుండానే, సాగే గుణమున్న ఘనపదార్థాల సమతుల్యం మీద రాసిన వ్యాసంలో ఆ ప్రయోగాలున్నాయి. కంప్యూటర్లు రాకముందు ఇంజనీరింగ్ లేబొరేటరీలలో వంతెనలకు, ఆనకట్టలకు ప్లాస్టిక్ నమూనాలు చేసి ఒత్తిడి చూసే పద్ధతికి మూలం ఇదే.

అక్కడినుంచి కేంబ్రిడ్జి వెళ్ళి 1854లో గణితంలో రెండో స్థానం సంపాదించాడు. 1856లో తండ్రి పోయారు. అదే ఏడాది ఆబర్డీన్‌లో ప్రొఫెసరయ్యాడు. 1858లో ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కుమార్తె కేథరీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1860లో అక్కడి రెండు కాలేజీలనూ కలిపేయడంతో ఉద్యోగం ఊడింది. సొంత ఊరు ఎడిన్‌బర్గ్‌లో ఖాళీ ఉంటే దరఖాస్తు పెట్టాడు. ఆ పదవి ఆయన చిన్ననాటి స్నేహితుడు టెయిట్‌కు దక్కింది. మామగారు ప్రిన్సిపాల్ అయినా ఉన్న ఉద్యోగం నిలవలేదు, పుట్టిన ఊరు కొత్త ఉద్యోగం ఇవ్వలేదు! ఆ ఏడాదే మశూచి సోకితే భార్యే దగ్గరుండి బతికించుకుంది. చివరికి లండన్ కింగ్స్ కాలేజీలో స్థిరపడ్డాడు. అటు ఆబర్డీన్‌లోనూ ఇటు లండన్‌లోనూ పగలు కాలేజీ పాఠాలే కాక సాయంత్రాలు పనివాళ్ళకు కూడా పాఠాలు చెప్పేవాడు.

మన కథకు ముఖ్యమైన సంవత్సరం 1864. విద్యుదయస్కాంత క్షేత్రం మీద జగత్ప్రసిద్ధమైన వ్యాసాన్ని ఆ డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీ సభలో చదివారు. దానికి ముందు, అదే ఏడాది ఏప్రిల్‌లో, ఫ్రేముల గురించి రెండు చిన్న వ్యాసాలు అచ్చయ్యాయి. స్ట్రక్చరల్ ఎనాలిసిస్ ఓనమాలు వాటిలోనే ఉన్నాయి. ఇంజనీర్లు కానివారికి కూడా అర్థమయ్యేలా మన పందిరితో చెబుతాను.

నాలుగు వెదురు కర్రలను మూలల్లో తాడుతో కట్టి చదరం చేయండి. పక్కకి తోస్తే అది వాలిపోతుంది. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక కర్ర కట్టండి. కదలదు. ఈ సంగతి పందిరి వేసేవాళ్ళందరికీ తెలుసు. మాక్స్‌వెల్ దాన్ని లెక్కగా చెప్పాడు. మూలల సంఖ్యను రెండుతో హెచ్చించి మూడు తీసేస్తే, ఫ్రేము గట్టిగా నిలవడానికి మామూలుగా కావలసిన కర్రల సంఖ్య వస్తుంది. నాలుగు మూలలకు అయిదు కర్రలు. ఎత్తు, పొడవు, వెడల్పు మూడూ ఉన్న కట్టడానికైతే మూలల సంఖ్యను మూడుతో హెచ్చించి ఆరు తీసేయాలి.

సరిగ్గా అన్ని కర్రలే ఉన్న ఫ్రేములో ఒక్కో కర్ర ఎంత బరువు మోస్తోందో తెలుసుకోవడానికే ఆ రెండు బొమ్మలు. ఒక మూల దగ్గర కలిసే కర్రలన్నీ రెండో బొమ్మలో మూసుకున్న ఒక ఆకారం అవుతాయి. మొదటి బొమ్మలో మూసుకున్న గది రెండో బొమ్మలో ఒక చుక్క అవుతుంది. ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి. రెండో బొమ్మలో గీత పొడవును స్కేలుతో కొలిస్తే చాలు, ఆ కర్ర మీద బలమెంతో తెలుస్తుంది. లెక్కలో తప్పుంటే బొమ్మ మూసుకోదు. తప్పు మన కళ్ళముందే నిలబడుతుంది.

మరి చదరానికి రెండువైపులా ఏటవాలు కర్రలు కడితే? అయిదు చాలినచోట ఆరున్నాయి. ఏ కర్ర ఎంత మోస్తుందో ఆ బొమ్మ ఒక్కటే చెప్పలేదు. ఏ కర్ర ఎంత సాగుతుందో, ఎంత కుదించుకుంటుందో కూడా చూడాలి. రెండో వ్యాసం దానికే. రెండు మార్కులకని నేను బట్టీ పట్టిన సూత్రం అందులోదే. దూలం మీద ఒకచోట బరువు పెడితే మరోచోట ఎంత కుంగుతుందో, అదే బరువు ఆ రెండోచోట పెడితే మొదటిచోటా అంతే కుంగుతుంది. కట్టడాల విషయంలో ప్రకృతి పాటించే ఇచ్చిపుచ్చుకోవడం ఇది.

ఇంత మేలైన విషయాన్ని ఇంజనీర్లు చాలాకాలం పట్టించుకోలేదు. ఆరు పేజీల ఆ రెండో వ్యాసం మరీ క్లుప్తంగా, బొమ్మలు లేకుండా ఉంది. పదేళ్ళ తరువాత, 1874లో, జర్మనీలో మోర్ అనే ఇంజనీరు అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టాల్సి వచ్చింది. బలాల బొమ్మ అదృష్టం కాస్త నయం. ఎడిన్‌బర్గ్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ప్రొఫెసరైన ఫ్లీమింగ్ జెన్‌కిన్ దాన్ని నిజమైన ఫ్రేములకు ఎలా వాడాలో 1869లో చూపించారు. ఈ ఊరి సివిల్ ఇంజనీరే అయిన రాబర్ట్ బో, 1873లో ఖాళీలకు అక్షరాలు పెట్టే తేలిక పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. మనం డిప్లొమాలో, డిగ్రీలో నేర్చుకున్న బో నొటేషన్ అదే. మాక్స్‌వెల్ కూడా 1870లో ఈ విషయాన్నే విస్తరించి రాసి, ఎడిన్‌బర్గ్ రాయల్ సొసైటీవారి కీత్ బహుమతి అందుకున్నాడు. ఉద్యోగం ఇవ్వని ఊరు ఆ విధంగా గౌరవించింది.

1865లో లండన్ వదిలి గ్లెన్‌లెయిర్ చేరిన మాక్స్‌వెల్‌ను 1871లో కేంబ్రిడ్జి పిలిచి కేవెండిష్ లేబొరేటరీని కట్టించే బాధ్యత అప్పగించింది. జబ్బుమనిషైన భార్యకు చివరిదాకా సేవ చేశాడు. పిల్లలు లేరు. తల్లిని తీసుకుపోయిన జబ్బే ఆయన్నీ 1879 నవంబరు 5న తీసుకుపోయింది. అప్పటికి 48 ఏళ్ళు. గ్లెన్‌లెయిర్ దగ్గర పార్టన్ చర్చి ఆవరణలో తల్లిదండ్రుల సరసనే సమాధి చేశారు.

ఆయన పోయి రెండు నెలలు తిరగకుండానే, డిసెంబరు 28 రాత్రి తుఫానులో, డండీ దగ్గర టే వంతెన కూలి, రైలుతో సహా అందులో ఉన్నవారంతా నదిలో పడిపోయారు. డిజైనులో గాలి ఒత్తిడికి తగిన లెక్క వేయలేదని విచారణలో తేలింది. ఈ సంగతి చదివిన రోజు నాకు నా షెడ్డు గుర్తొచ్చి చేతులు వణికాయి. అదే ఇంజనీరు ఫోర్త్ మీద కట్టబోయిన వంతెనను రద్దు చేశారు. ఫౌలర్, బేకర్ అనే ఇంజనీర్లు ఈసారి చదరపు అడుగుకు 56 పౌన్ల గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని, 521 మీటర్ల ప్రధాన స్పాన్లతో కొత్త వంతెన కట్టారు. 1890 మార్చి 4న ప్రారంభమైన ఆ వంతెన మీద ఈనాటికీ రైళ్ళు నడుస్తున్నాయి. దాని ఎర్రటి గొట్టాల మధ్య కనిపించేవన్నీ త్రికోణాలే. మన పందిరి ఏటవాలు కర్రలే.

2008లో ఇక్కడి జార్జ్ స్ట్రీట్‌లో మాక్స్‌వెల్ విగ్రహం పెట్టారు. చేతిలో రంగుల చక్రం, కాళ్ళ దగ్గర పెంపుడు కుక్క ఉంటాయి. ట్రస్ బొమ్మ ఉంటుందేమోనని నేను చుట్టూ తిరిగి చూశాను, కనబడలేదు. ఇప్పుడు మా ఆఫీసులో కుర్రవాళ్ళు కంప్యూటరులో నిమిషాల మీద ఎనాలిసిస్ ముగిస్తారు. మంచిదే. కాకపోతే గాలి సంగతి మనం చెప్పకపోతే కంప్యూటరు తనంతట తాను అడగదు. అందుకే కొత్తగా చేరిన ప్రతివారిచేతా ఒక్క ట్రస్సుకైనా పెన్సిలుతో రెండు బొమ్మలూ గీయిస్తాను, గాలి పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి. ఆనాడు మా పెద్ద ఇంజనీరు గారు నాచేత గీయించినట్టే.

ఈ సంచిక చదివే మిత్రులు ఎప్పుడైనా ఎడిన్‌బర్గ్ వస్తే ముందుగా కబురు చేయండి. ఇండియా స్ట్రీట్ ఇల్లు ఇప్పుడు మాక్స్‌వెల్ పేరిట ఏర్పడిన ఫౌండేషన్ చేతిలో ఉంది. లోపల చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ పని నేను చూసుకుంటాను. పిల్లల్ని కూడా తీసుకురండి. నాలుగు పుల్లలు, కాస్త దారం నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి.