చూపుకు దారి చూపిన వైద్యుడు - రవూల్ పామర్

వ్యాధి ఎక్కడ ఉన్నదో కన్నులారా చూడగలిగిననాడే వైద్యుని చేతికి నిశ్చయం కలుగుతుంది. చర్మంపై లేచిన కురుపు కంటికి కనిపిస్తుంది. కాని ఉదరకుహరం అడుగున ఒదిగి ఉండే గర్భాశయం, అండాశయాలు అంత సులభంగా దృష్టికి అందవు. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో వాటిని ప్రత్యక్షంగా చూడాలంటే స్త్రీ ఉదరాన్ని కోయడమే ప్రధాన మార్గంగా ఉండేది. చిన్న రంధ్రం గుండానే ఆ అవయవాలను పరీక్షించవచ్చునని నిరూపించి, స్త్రీ వైద్యశాస్త్ర గతిని మార్చిన మహనీయుడు ఫ్రాన్సు దేశానికి చెందిన రవూల్ పామర్.

1904లో జన్మించిన పామర్, పారిస్ నగరంలోని బ్రోకా ఆసుపత్రిలో స్త్రీ వైద్యునిగా పనిచేశాడు. సంతానలేమితో బాధపడే స్త్రీల సమస్య ఆయన దృష్టిని విశేషంగా ఆకర్షించింది. అండవాహికలు మూసుకుపోయాయా, అవయవాలు ఒకదానికొకటి అతుక్కున్నాయా అన్న విషయం బయటినుండి తేల్చడం కష్టం. కేవలం కారణం తెలుసుకోవడానికే ఒక స్త్రీ పెద్దకోతను, నెలల తరబడి బలహీనతను భరించవలసి రావడం న్యాయమా అన్నదే ఆనాటి వైద్యుల ముందున్న ప్రశ్న.

దేహంలోనికి గొట్టాన్ని పంపి చూడాలన్న ఆలోచన పామర్‌కు ముందే ఉన్నది. 1901లో జర్మను వైద్యుడు కెల్లింగ్ ఒక శునకంపై ఈ ప్రయోగం చేశాడు. 1910లో స్వీడన్ వైద్యుడు యాకోబియస్ మానవులపై చేసిన పరీక్షల ఫలితాలను ప్రకటించాడు. అయితే స్త్రీ వైద్యంలో ఒక చిక్కు మిగిలింది. ప్రేగులు అడ్డుపడి గర్భాశయాన్ని కనపడనీయవు. ప్రేగులు తొలగినా, గర్భాశయం వెనుక భాగం మరుగుననే ఉండిపోతుంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, పారిస్ నగరం జర్మను సేనల అధీనంలో ఉన్న 1943-44 ప్రాంతాలలో, పామర్ ఈ చిక్కును విడదీయడానికి పూనుకున్నాడు. రోగి తల పల్లానికి, కాళ్లు ఎత్తుకు ఉండేటట్లు బల్లను వాల్చాడు. దానితో ప్రేగులు పైభాగానికి జారి కటికుహరం తెరపి అయింది. ఉదరంలోనికి వాయువును నింపి, దాని పీడనం హద్దు మీరకుండా నిరంతరం కొలవాలని నిర్దేశించాడు. అన్నిటికంటె ముఖ్యంగా, గర్భాశయ ముఖద్వారం నుండి ఒక సన్నని నాళికను లోనికి ప్రవేశపెట్టి, దానిని పిడివలె ఉపయోగించి గర్భాశయాన్ని పైకి, క్రిందికి, ప్రక్కలకు మెల్లగా కదలించాడు. మరుగున ఉన్నవన్నీ కంటికి ఎదురైనాయి. ఆ నాళిక గుండానే నీలిరంగు ద్రవాన్ని పంపి, అది అండవాహికల చివరినుండి వెలువడుతున్నదో లేదో పరిశీలించే వీలు కలిగింది. ఈ కృషిలో భార్య ఎలిజబెత్ ఆయనకు తోడ్పడింది. 1947లో ఆయన తన పరికరాలను, పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు.

ఆయన జాగరూకతకు మరొక నిదర్శనం ఉన్నది. పూర్వం శస్త్రచికిత్స జరిగినవారిలో నాభి వద్ద ప్రేగులు అతుక్కుని ఉండవచ్చు. అక్కడ సూది గుచ్చితే ప్రమాదం. అటువంటివారి విషయంలో ఎడమ ప్రక్కటెముకల అంచుకు సుమారు 3 సెంటీమీటర్ల దిగువన ప్రవేశించడం క్షేమమని ఆయన 1974లో సూచించాడు. ఆ స్థానాన్ని వైద్యులు నేటికీ పామర్ పేరుతోనే వ్యవహరిస్తారు.

పామర్ వద్దకు పోయి ఈ విద్యను పరిశీలించినవారిలో ఇంగ్లండు వైద్యుడు పాట్రిక్ స్టెప్టో ఒకడు. స్టెప్టో ఉదరదర్శిని సాయంతో సేకరించిన అండం నుండే 1978 జులై 25న ప్రపంచంలో మొట్టమొదటి పరీక్షనాళికా శిశువు జన్మించింది. మన పల్లెలలోని కుటుంబ నియంత్రణ శిబిరాలకు ల్యాపరోస్కోపీ అన్న మాట చేరడం కూడా ఈ పరంపరలోనిదే.

చూడటానికి పుట్టిన ఈ విద్య క్రమంగా చికిత్సకు సాధనమైంది. 1988లో అమెరికా వైద్యుడు హ్యారీ రీచ్ చిన్న రంధ్రాల ద్వారా గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్స చేశాడు. నేడు దీనినే కీహోల్ సర్జరీ అంటున్నారు. ఈ చికిత్సలో గర్భాశయాన్ని కదలించే పరికరం అత్యంత కీలకం. గర్భాశయ ముఖానికి రమారమి 2 సెంటీమీటర్ల దూరంలోనే మూత్రనాళం సాగిపోతుంది. పరికరంతో గర్భాశయాన్ని పైకి నెట్టి పట్టినప్పుడు కోయవలసిన చోటికి, మూత్రనాళానికి నడుమ ఎడం పెరుగుతుంది. పరికరం కొసన ఉండే గిన్నె వంటి భాగం ఎక్కడ కోయాలో హద్దు చూపుతుంది. పామర్ నాళికకు ఇది సంతతి అనదగినది.

1985లో పామర్ కన్నుమూశాడు. కోత చిన్నదైనంత మాత్రాన నిర్ణయం చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో గర్భాశయం తొలగించుకున్న స్త్రీల నిష్పత్తి జాతీయ సగటును మించి ఉన్నదని 2015-16, 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలిపాయి. అవసరమెరిగి చేసిన చికిత్స ప్రాణం నిలుపుతుంది. అవసరం లేనిది దేహానికి భారమవుతుంది. ముందు చక్కగా చూడు, పిదప ఆలోచించు, తప్పనిసరియైతేనే కత్తి పట్టు అన్నదే పామర్ జీవితం బోధించే పాఠం. ఆ వివేకం వైద్యులకే కాదు, ప్రతి ఒక్కరికీ శిరోధార్యం.