పూజా పాత్రలోకి ద్రాక్షారసం పంపిన వలసదారు

దివ్య పూజలో గురువు పాత్రలో పోసే ద్రాక్షారసం చెడిపోకుండా, కల్తీ లేకుండా, ద్రాక్షపండు నుండే తీసినదై ఉండాలన్నది శ్రీసభ నియమం. ఈ ఒక్క నియమం ఆధారంగానే పదమూడేళ్ల గండం గట్టెక్కిన కుటుంబం ఒకటి ఉంది. దాని పెద్ద జార్జ్ ద లాటూర్.

ఆయన 1856లో ఫ్రాన్సు దేశంలోని పెరిగోర్ ప్రాంతంలో జన్మించారు. కాలిఫోర్నియాకు వలస వెళ్లి మొదట చేసిన వ్యాపారం వింతైనది. ద్రాక్షారసం పీపాల లోపలి గోడలకు గారలాగా పట్టే పదార్థాన్ని ఊరూరా తిరిగి కొని, శుద్ధిచేసి, రొట్టెల తయారీకి వాడే పొడిగా అమ్మేవారు. అలా తిరుగుతూనే ఏ నేలలో ఏ తీగ బాగా కాస్తుందో తెలుసుకున్నారు. 1900లో నాపా లోయలోని రథర్‌ఫర్డ్ వద్ద భూమి కొన్నారు. భార్య ఫెర్నాండ్ ఆ తోటకు బోల్యూ అని పేరు పెట్టింది. ఫ్రెంచి భాషలో అందమైన చోటు అని అర్థం.

అప్పటికి ఫిలాక్సెరా అనే పేను వంటి పురుగు వేళ్లను పీల్చి కాలిఫోర్నియా తోటలను నాశనం చేస్తోంది. దాన్ని తట్టుకునేది అమెరికా అడవి ద్రాక్ష వేరు. ఆ వేరుకు మంచి రకం తీగను అంటు కట్టిన మొక్కలను లాటూర్ ఫ్రాన్సు నుండి తెప్పించి రైతులకు అమ్మారు. జంబేరి మొక్కపై చీనీ అంటు కట్టే మన కడప, కర్నూలు రైతులకు ఈ కిటుకు వివరించనక్కరలేదు.

1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. వందలాది ద్రాక్షారస కర్మాగారాలు మూతపడ్డాయి. చట్టం పూజా ద్రాక్షారసాన్ని మాత్రం మినహాయించింది. శాన్ ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతులతో లాటూర్‌కు స్నేహం, శ్రీసభ ఆమోదం అంతకు ముందే ఉన్నాయి. దేశం నలుమూలలా ఉన్న గురువులకు ఆయన పీపాలు వెళ్లాయి. ఇతరులు తోటలు పెరికివేస్తుంటే ఆయన వ్యాపారం పెరిగింది.

ఇది భక్తియా, వ్యాపారమా? రెండూ అనే నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో పూజ పేరు చెప్పి కొన్న ద్రాక్షారసం అంతా పీఠం మీదికే చేరలేదన్నది చరిత్రకు తెలిసిన విషయం. మన రాష్ట్రంలో 1995 నుండి 1997 దాకా నడిచిన నిషేధాన్ని, కర్ణాటక సరిహద్దు దాటి వచ్చిన సరుకును చూసినవారు ఇందుకు ఆశ్చర్యపడరు. లాటూర్‌ను పునీతుల వరుసలో నిలపాలని నేనీ మాటలు వ్రాయడం లేదు. అయితే ఆ తోట ఆ పదమూడేళ్లూ పనివారి చేతుల్లో బ్రతికే ఉంది. 1933లో నిషేధం తొలగేసరికి ఇతరులు మొదటి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది, ఆయనకు ఆ అవసరం రాలేదు.

అయినా రుచి విషయంలో ఆయనకు తృప్తి లేదు. 1938లో ఫ్రాన్సు వెళ్లి ఆండ్రే చెలిష్చెఫ్ అనే నిపుణుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. మాస్కోలో పుట్టి, విప్లవం తర్వాత దేశం విడిచిన ఈయన కూడా వలసదారే. కర్మాగారంలో పరిశుభ్రత మీద, రసం పులిసేటప్పటి వేడి మీద ఈయన గట్టి పట్టు పట్టారు. నేలమాళిగలో రుచి చూసిన వాటిలో 1936 నాటి కాబర్నే సావిన్యోన్ ఒకటి. ఇంటివారి కోసం దాచుకున్నది. అది ఆయనను కదిలించింది. దీన్నే తోటకు తలమానికంగా బయటికి తేవాలని యజమానిని ఒత్తిడి చేశారు.

1940 ఫిబ్రవరిలో లాటూర్ మరణించారు. ఆ యేడే ఆ ద్రాక్షారసం సీసాల మీద ఆయన పేరుతో విడుదలైంది. కుటుంబం 1969లో తోటను ఒక పెద్ద కంపెనీకి అమ్మివేసింది.