వెనక బెంచీ వాళ్ల కోసం వెతికిన మనిషి: ఆల్ఫ్రెడ్ బినే

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. బడి జ్ఞాపకాలు ఎలాగూ మిత్రులందరూ రాస్తారు. ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన నాకు ఉద్యోగం చివరి రోజుల్లో పరిచయమైన ఒక మనిషి గురించి రాద్దామనిపించింది. ఆయనది మన దేశం కాదు, పోయి కూడా నూరేళ్లు దాటింది. కానీ సాయంత్రం స్పెషల్ క్లాసుకి ఉండిపోయిన విద్యార్థులూ, ఆ క్లాసుకి పేర్లు రాసిన మాబోటి మాస్టర్లూ ఎంతో కొంత ఆయనకి బాకీ ఉన్నాం.

ఆల్ఫ్రెడ్ బినే 1857 జూలై 8న నీస్ పట్టణంలో పుట్టారు. ఆ ఊరు అప్పటికి సార్డీనియా రాజ్యంలో ఉండేది; మూడేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో కలిసింది. తండ్రి డాక్టరు, తల్లి చిత్రకారిణి. వాళ్లిద్దరూ విడిపోతే పిల్లవాడు తల్లి దగ్గరే పెరిగాడు. పారిస్‌లో చదువుకుని 1878లో లా పట్టా తెచ్చుకున్నారు. ప్లీడరుగా కుదురుకోలేదు. వైద్యం చదవబోయి అదీ మధ్యలో వదిలేశారు. మన ఇళ్లలో అయితే ఈపాటికి వీడు ఎందుకూ పనికిరాడని తేల్చేసేవారు. కాస్త ఆస్తి ఉన్న కుటుంబం కాబట్టి ఆయన పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు చదువుకోగలిగారు. ఆ శాస్త్రంలో ఆయనకి గురువంటూ లేరు, డిగ్రీ కూడా లేదు.

తర్వాత పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో షార్కో అనే మహా ప్రసిద్ధుడైన డాక్టరు దగ్గర చేరారు. అక్కడ హిప్నోటిజం మీద పరిశోధనలు జరిగేవి. ఫేరే అనే సహచరుడితో కలిసి బినే ఒక వింత విషయం ప్రకటించారు. హిప్నోటిజంలో ఉన్న రోగికి అయస్కాంతం చూపిస్తే కుడి చేతిలో కనిపించే లక్షణం ఎడమ చేతికి మారిపోతుందట. బెల్జియం నుంచి డెల్బేఫ్ అనే పండితుడు వచ్చి ఆ ప్రయోగాలు చూశాడు. ఏం జరగాలో రోగి వినేలాగే మాట్లాడుకుంటున్నారనీ, రోగి దానికి తగ్గట్టు నడుచుకుంటున్నాడనీ, అయస్కాంతం చేసేదేమీ లేదనీ రుజువు చేశాడు. బినే కొంతకాలం గట్టిగానే వాదించారు. చివరికి తప్పు ఒప్పుకోవలసి వచ్చింది, అదీ అందరి ఎదుటా.

ఆయన జీవితంలో నాకు ముఖ్యమనిపించిన ఘట్టం ఇదే. పరీక్ష చేసేవాడు మనసులో ఏం అనుకుంటాడో అదే ఫలితంగా కనిపించే ప్రమాదం ఉందని ఆయన ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నారు. ఈ పిల్లవాడు మొద్దు అనుకుని ప్రశ్న అడిగితే మొద్దు జవాబే వినపడుతుంది. బోర్డు దగ్గరికి ఎవరిని పిలిచి, ఎవరి జవాబు పూర్తిగా వినకుండానే కూర్చోమన్నామో ఒక్కసారి గుర్తు చేసుకుంటే మాస్టర్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆస్పత్రి వదిలాక తన ఇద్దరు కూతుళ్లనే గమనించడం మొదలుపెట్టారు. ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని, ఒకే తరహా చదువు చదివిన పిల్లలు. ఒక వస్తువు చూపించి రాయమంటే ఒకమ్మాయి ఉన్నదున్నట్టు వివరంగా రాస్తే, రెండో అమ్మాయి ఊహల్లోకి వెళ్లిపోయేది. ఇద్దరిలో ఎవరు తెలివైనవారు అన్న ప్రశ్నకే అర్థం లేదని ఆయనకి తోచింది. 1903లో ఆ పరిశీలనలన్నీ పుస్తకంగా వచ్చాయి.

ఈలోగా సోర్బోన్‌లోని మనస్తత్వ ప్రయోగశాలలో చేరి దానికి డైరెక్టరయ్యారు. ఒక పత్రిక స్థాపించారు. పురుగుల నాడీమండలం మీద డాక్టరేటు తీసుకున్నారు. జ్ఞాపకం మీదే గుడ్డిగా చదరంగం ఆడేవాళ్లనీ, పెద్దపెద్ద లెక్కలు మనసులోనే చేసేవాళ్లనీ పిలిపించి పరీక్షించారు. తీరిక దొరికితే మిత్రుడితో కలిసి భయానక నాటకాలు రాశారు! ఇంత చేసినా ప్రొఫెసర్ పదవి మాత్రం దక్కలేదు. కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఖాళీ వస్తే అది పియెర్ జానే అనే ఇంకొకరికి వెళ్లింది. బహుశా అదే మేలయిందేమో. కుర్చీ దొరకని బినే బడుల వైపు నడిచారు.

అప్పటి ఫ్రాన్స్ బడుల పరిస్థితి కొంచెం చెప్పాలి. 1882 చట్టంతో ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లలందరికీ చదువు నిర్బంధమైంది. అంతకు ముందు బడి ముఖం చూడని ఇళ్ల పిల్లలు తరగతుల్లోకి వచ్చారు. పేదల బడుల్లో ఒక్కో తరగతిలో అరవై, ఎనభై మంది. వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి ఒకే తరగతిలో ఉండిపోయేవారు. వాళ్లని ఏం చేయాలన్నది తేల్చడానికి ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని వేసింది. అందులో బినే సభ్యులు. పరీక్ష చేయకుండా ఏ పిల్లవాడినీ మామూలు బడి నుంచి తీసేయకూడదని సంఘం తీర్మానించింది. బాగానే ఉంది. కానీ ఆ పరీక్ష ఏది?

డాక్టర్లు అప్పుడు రాస్తున్న సర్టిఫికెట్లు తెప్పించి చూస్తే ఒకే మనిషికి ఒక ఆస్పత్రి ఒక పేరు పెడితే ఇంకో ఆస్పత్రి ఇంకో పేరు పెట్టింది. మాస్టర్ల మాట నమ్ముదామంటే అల్లరి పిల్లల్ని వదిలించుకోవడానికి ఇదే అదను అనుకునేవాళ్లుంటారని బినేకి అనుమానం. తల కొలతలు కూడా ప్రయత్నించి చూశారు. మాస్టర్లు తెలివైనవాళ్లని చెప్పిన పిల్లల తలలకీ, మందమని చెప్పిన పిల్లల తలలకీ తేడా నామమాత్రమే. ఆ కాస్త తేడాలో కూడా, ఎవరు ఏ గుంపువాళ్లో ముందే తెలిసిన తన చెయ్యి ఎంత మొగ్గిందోనని తన్ను తానే అనుమానించుకున్నారు. అయస్కాంతం పాఠం మరిచిపోలేదు.

అందుకని తియోడోర్ సిమోన్ అనే యువ డాక్టరుతో కలిసి 1905లో 30 ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. తేలిక నుంచి కష్టానికి వరుస. వెలిగించిన అగ్గిపుల్లని కళ్లతో వెంబడించడం, చాక్లెట్ ముక్కకీ చెక్క ముక్కకీ తేడా గుర్తుపట్టడం, చెప్పిన అంకెలు తిరిగి చెప్పడం, ఈగకీ సీతాకోకచిలుకకీ భేదం చెప్పడం, ఇలా సాగుతుంది. బడిలో నేర్పిన పాఠం అడగరు. చదువు రానివాడికీ, చదువు దొరకనివాడికీ తేడా తెలియాలన్నదే ఉద్దేశం. 1908లో ప్రశ్నల్ని మూడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా వయసుల వారీగా సర్దారు. బడి చదువు విషయంలో ఇంకో సూత్రం కూడా పెట్టారు. తొమ్మిదేళ్ల లోపు పిల్లవాడు రెండేళ్లు, ఆ పైవాడు మూడేళ్లు వెనకబడితే అప్పుడు విచారించాలి. అదీ ఎన్నాళ్లు బడికి రాలేదో లెక్కలోంచి తీసేశాక. పొలం పనికో, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో బడి మానేసినవాడిని మొద్దుల జాబితాలో చేర్చకూడదని మన హెచ్.ఎం.లు కూడా రాసిపెట్టుకోదగ్గ సూత్రం.

అదే రోజుల్లో పారిస్‌లో గ్రాంజ్-ఓ-బెల్ వీధి బడిలో, వానే అనే ప్రధానోపాధ్యాయుడి సాయంతో ఒక ప్రయోగశాల తెరిచారు. అక్కడ పిల్లల బుద్ధి కంటే ముందు కళ్లూ చెవులూ చూసేవారు. మాస్టరే గోడకి అక్షరాల పట్టీ తగిలించి చూపు పరీక్ష చేసుకునే పద్ధతి ఏర్పాటు చేశారు. ఈ భాగం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి బోర్డు మీద లెక్క ఎప్పుడూ తప్పుగానే ఎక్కించుకునేవాడు. అజాగ్రత్త అని వెనక బెంచీకి పంపాను. ఏడాది చివర వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టించి తీసుకొచ్చాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

వెనకబడ్డారని తేలిన పిల్లలకి 15, 20 మందితో చిన్న తరగతులు పెట్టాలని బినే పట్టుబట్టారు. మళ్లీ అవే ఎక్కాలు, అదే వాచకం నెమ్మదిగా వల్లె వేయించడం ఆయనకి ఇష్టం లేదు. ముందు నేర్చుకోవడం ఎలాగో నేర్పాలన్నారు. దానికి మానసిక ఆర్థోపెడిక్స్ అని పేరు పెట్టారు. మాస్టరు సైగ చేయగానే పిల్లలు ఎలా ఉన్నవాళ్లు అలా బొమ్మల్లా నిలబడిపోవాలి. నిండా నీళ్లున్న గిన్నె ఒలకకుండా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి చేర్చాలి. ఒక అట్ట మీద కొన్ని వస్తువులు అంటించి కొద్ది సెకన్లు చూపించి దాచేస్తే ఏమేమి ఉన్నాయో చెప్పాలి. మొదట్లో అంతా గోల. కొన్ని వారాలయ్యేసరికి వస్తువుల ఆటలో ఎంత ఆరితేరారంటే, తరగతి చూడటానికి వచ్చిన పార్లమెంటు సభ్యులు తామూ ప్రయత్నించి ఆ పిల్లల కంటే వెనకబడ్డారు. బుద్ధి పుట్టుకతో గట్టిపడిపోయిన రాయి అనే వాదాన్ని బినే 1909లో రాసిన పుస్తకంలో తీవ్రంగా ఖండించారు. శ్రద్ధ, జ్ఞాపకం, విచక్షణ సాధనతో పెరుగుతాయన్నది ఆయన తరగతిలో కళ్లారా చూసిన సంగతి.

అదే ఏడాది ఏప్రిల్ 15న ఇలాంటి తరగతులకి చట్టం వచ్చింది. అయితే పెట్టి తీరాలని నిర్బంధం లేదు. అందుకే అవి చాలాకాలం కొద్ది చోట్లే నడిచాయి. 1911లో కొలబద్దని ఇంకోసారి సవరించారు. ఆ అక్టోబర్ 18న, 54 ఏళ్లకే, బినే కన్నుమూశారు.

తర్వాత జరిగింది ఆయన చూడకపోవడమే మంచిదయింది. మరుసటి ఏడాది స్టెర్న్ అనే జర్మన్ పండితుడు ప్రశ్నల్లో తేలిన వయసుని అసలు వయసుతో భాగించి ఒక అంకె తీయమన్నాడు. తర్వాత దాన్ని నూరుతో హెచ్చించడం అలవాటై ఐ.క్యూ. అయింది. అమెరికాలో గొడార్డ్ ఈ పరీక్షని ఓడ దిగిన వలసదారుల మీద ప్రయోగించాడు. స్టాన్‌ఫర్డ్‌లో టెర్మన్ 1916లో పెద్దది చేసి బినే పేరు కూడా కలిపాడు. ఆ పద్ధతిలో వచ్చిన పరీక్షలతో 1920లలో అక్కడి హైస్కూళ్లలో ఎవరు కాలేజీ చదువు వైపు, ఎవరు చేతిపని వైపు అని విభజించారు. సాయం ఎవరికి కావాలో కనిపెట్టడానికి చేసిన పరికరం, సాయం ఎవరికి దండగో తేల్చేదిగా మారింది. బినే తర్వాత యాభై ఏళ్లు బతికిన సిమోన్ ముసలితనంలో కూడా దీన్ని తమ ఉద్దేశానికి చేసిన ద్రోహంగానే భావించాడు.

ఆ కొలబద్ద మన దేశానికీ వచ్చింది. మన పిల్లలకి తగ్గట్టు మార్చిన రూపం బినే-కామత్ పరీక్ష. సర్టిఫికెట్ కోసం ఆస్పత్రికి తిరిగిన తల్లిదండ్రుల్లో కొందరికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. నా ఆఖరి రెండు మూడేళ్ల సర్వీసులో అలాంటి కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే, కింద రాసిన అంకె చూడటం మానేశాను. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అక్కడ ఏమేమి అడిగారు, నువ్వేం చెప్పావు అని అడిగేవాణ్ణి. ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, బొమ్మల ప్రశ్నలన్నీ చెప్పాననీ, అంకెలు వెనక నుంచి చెప్పమంటే రాలేదనీ చెప్పింది. మర్నాడు సాయంత్రం నుంచి మేం అక్కణ్ణుంచే మొదలుపెట్టాం, రెండంకెలతో.