యంత్రయుగ ధర్మచింతకుడు: నార్బర్ట్ వీనర్

కంప్యూటరు ఉయ్యాలలో ఉన్ననాడే దాని నడవడిని గూర్చి చింతించిన గణితవేత్త నార్బర్ట్ వీనర్. ఆయన 1894 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, కొలంబియా పట్టణంలో జన్మించినాడు. తండ్రి లియో వీనర్ హార్వర్డులో స్లావ్ భాషల ఆచార్యుడు. కుమారునికి తొలిగురువు ఆయనే, కఠిన పరీక్షకుడూ ఆయనే. 18 ఏండ్లకే హార్వర్డు డాక్టరేటు పొందిన ఆ బాలమేధావి, 1919లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో గణితోపాధ్యాయుడై చేరి, దీర్ఘకాలం అక్కడనే బోధించినాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో శత్రువిమానం మరుక్షణం ఎక్కడ ఉండునో ముందుగా గణించి ఫిరంగికి తెలుపు ఉపాయంపై ఆయన కృషి చేసినాడు. చేసిన పని ఫలితాన్ని చూచుకొని, తప్పు దిద్దుకొంటూ సాగే స్వభావం ప్రాణికీ యంత్రానికీ సమానమని అందువల్ల గ్రహించినాడు. 1948లో వెలువడిన 'సైబర్నెటిక్స్' గ్రంథానికి ఇదే బీజం. చుక్కాని పట్టువాడని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ఆ పేరు కల్పించినాడు.

అయితే ఓడ ఏ రేవు చేరవలెనో చుక్కాని చెప్పదు. అణుబాంబు అనంతరం వీనర్ మనస్సును కలచిన ప్రశ్న ఇదే. క్షిపణుల పనికై తన పరిశోధనపత్రాన్ని కోరిన ఒక శాస్త్రజ్ఞునికి ఇవ్వనని 1947లో పత్రికాముఖంగా ప్రకటించినాడు. స్వయంచాలక యంత్రాల విషయమై సలహా కోరి ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ వచ్చినపుడు, ధనాశకు లోబడక త్రోసిపుచ్చినాడు. 1949లో మోటారు కార్మికసంఘ అధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కు లేఖ వ్రాసి, రానున్న యంత్రాలు కూలివాని బ్రతుకును ఎట్లు తారుమారు చేయగలవో హెచ్చరించినాడు. రూథర్ తంతిద్వారా బదులిచ్చి, కలసి మాటాడగోరినాడు. కూలి లేని బానిసతో పోటీపడినవాడు బానిస స్థితికే దిగజారునని, స్వయంచాలక యంత్రం అట్టి బానిసయేనని వీనర్ భావం.

1955-56లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో ఆయన అతిథిగా పనిచేసినాడు. 1960లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో మరియొక అపాయాన్ని చూపినాడు: యంత్రం మనం అడిగినదే చేయును, మనం మనసా కోరినది కాదు, పైగా మనం తప్పు గుర్తించేలోపల పని ముగించివేయును. భస్మాసురునికి వరమిచ్చిన కథ ఎరిగిన మనకు ఈ మాట కొత్తది కాదు.

1964 మార్చి 18న స్టాక్‌హోంలో ఆయన కన్నుమూసినాడు. అప్పు ఎవరికి ఈయవలెనో, కొలువు ఎవరికి దక్కవలెనో నేడు వర్తకసంస్థలు కంప్యూటరును సంప్రదించుచున్నవి. లాభనష్టాలనూ, ఒక నిర్ణయం ఎవరెవరిని తాకునో దానినీ అది క్షణంలో ముందుంచగలదు. అంతవరకు అది మంచి మంత్రియే. కాని యంత్రం చెప్పినదని యజమాని చేతులు కడుగుకొన్ననాడు, అన్యాయానికి గురియైనవాడు ఎవరి గడప ఎక్కవలెను? ఆ గడప వద్ద ఒక మనిషి నిలిచి ఉండవలెనన్నదే వీనర్ జీవితసారం.