పుట్టింటి నుంచి తెచ్చిన రెండు పుస్తకాలు

జాన్ బన్యన్ అనగానే ‘యాత్రికుని ప్రయాణం’ గుర్తొస్తుంది. మన క్రైస్తవుల ఇళ్ళలో బైబిలు పక్కన చాలాచోట్ల కనిపించే పుస్తకమే. ఆయన జైలు కథ అందరూ చెబుతారు గానీ, ఆ పుస్తకం వెనకున్న ఆడవాళ్ళ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

బన్యన్ 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసి బతికేవాడు. కొడుక్కీ అదే పని అబ్బింది. చదువు అంతంతమాత్రం. పదహారేళ్ళు నిండకముందే తల్లి పోయింది, ఆ వెంటనే చెల్లెలూ పోయింది. కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు. కుర్రతనంలో వీరుల సాహస కథలంటే చెవి కోసుకునేవాడు.

1649 ప్రాంతంలో పెళ్ళయింది. ఆ భార్య పేరేమిటో చరిత్రకెక్కలేదు! పెళ్ళినాటికి ఆ ఇంట్లో కంచం, చెంచా కూడా లేవట. ఆమె తెచ్చుకున్నవల్లా చనిపోయిన తండ్రి ఇచ్చిన రెండు భక్తి పుస్తకాలు. అందులో ఒకటి, ఆర్థర్ డెంట్ అనే బోధకుడు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుగా రాసింది. ఉపదేశమే, కానీ కథలా సాగుతుంది. మొగుడూ పెళ్ళాం కలిసి చదువుకునేవారు. బన్యన్ బుద్ధిగా గుడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అయితే అది పైపై భక్తేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

అసలు మార్పు ఇంకోచోట వచ్చింది. ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వెళితే, ఓ గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని ముగ్గురు నలుగురు పేద ఆడవాళ్ళు దేవుడి గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో ఉన్న సంతోషం తనలో లేదని ఆయనకు అర్థమైంది. వాళ్ళ ద్వారానే అక్కడి సంఘంలో చేరాడు, కొన్నాళ్ళకు బోధకుడయ్యాడు. గుమ్మాల దగ్గర ఆడవాళ్ళ కబుర్లని తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి కాస్త తెలుసుకోవాలి.

1658లో భార్య పోయింది. నలుగురు పిల్లలు. పెద్దది మేరీ పుట్టుగుడ్డి. మరుసటేడు ఎలిజబెత్‌ను చేసుకున్నాడు. 1660 నవంబరులో, అనుమతి లేకుండా బోధిస్తున్నాడని అరెస్టు చేశారు. ఆ దెబ్బకి నిండుచూలాలు కాని ఎలిజబెత్‌కు నొప్పులొచ్చి, పుట్టిన బిడ్డ దక్కలేదు. అయినా లండన్ దాకా వెళ్ళి ప్రభువుల సభకు అర్జీ పెట్టుకుంది. 1661 ఆగస్టులో బెడ్‌ఫర్డ్‌లో న్యాయమూర్తుల ముందు నిలబడి, తన కడుపున పుట్టని నలుగురు పిల్లల కోసం, భర్త కోసం వాదించింది. మాథ్యూ హేల్ అనే న్యాయమూర్తి కాస్త జాలి చూపాడు గానీ ఫలితం లేకపోయింది.

ఇక బోధించనని ఒక్క మాట ఇస్తే బన్యన్ ఇంటికి వచ్చేవాడు. ఇవ్వలేదు. పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడు. లేసులు తయారుచేసి అమ్మించి ఇంటికి డబ్బు పంపాడు. గుడ్డి కూతురు గుర్తొస్తే ప్రాణం విలవిల్లాడేదట. అది గొప్ప విశ్వాసమా, మొండితనమా? ఎలిజబెత్ వైపు నుంచి చూస్తే నాకు ఇప్పటికీ తేలదు.

‘యాత్రికుని ప్రయాణం’ జైల్లోనే మొదలైందని చాలామంది నమ్మకం. కథలో నిరాశ ఒక రాక్షసుడు. యాత్రికుణ్ణి సందేహాల కోటలో బంధిస్తాడు. బయటపడే తాళంచెవి, దేవుడి వాగ్దానం, తన రొమ్ములోనే ఉందని ఆ యాత్రికుడికి ఆలస్యంగా గుర్తొస్తుంది. చిన్నప్పటి వీరుల కథలు ఇక్కడ పనికొచ్చాయన్నమాట. దైవభక్తికి కట్టుకథలేమిటని కొందరు స్నేహితులు అచ్చువేయొద్దన్నారు. 1678లో అచ్చయింది. రెండు వందలకు పైగా భాషల్లోకి వెళ్ళింది. 1868లో లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ విమెన్’లో నలుగురు అక్కచెల్లెళ్ళు ఆ యాత్రనే ఆటగా ఆడతారు, పెద్దయ్యాక తమ గుణదోషాలను దానితోనే కొలుచుకుంటారు. నమ్మకం సన్నగిల్లిన మనిషికి ప్రసంగం ఎక్కకపోయినా, ఆ కోటా ఆ తాళంచెవీ గుర్తుండిపోతాయి.

అయితే మొదటి భాగంలో యాత్రికుడు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పెళ్ళాం బిడ్డల్ని వదిలి పరిగెడతాడు. ఏ ఇల్లాలికైనా అక్కడ మనసు చివుక్కుమంటుంది. 1684లో బన్యన్ రెండో భాగం రాశాడు. అందులో ఆ భార్యే, క్రిస్టియానా, నలుగురు కొడుకుల్ని వెంటబెట్టుకుని, మెర్సీ అనే పొరుగు పిల్లతో కలిసి బయల్దేరుతుంది. దారంతా ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఎలిజబెత్ పెంచిన సవతి పిల్లలూ నలుగురే.

1688 ఆగస్టులో ఓ తండ్రీకొడుకుల తగువు తీర్చి, గుర్రం మీద వానలో తడుస్తూ లండన్ చేరాడు బన్యన్. జ్వరం తగిలి 31న అక్కడే కన్నుమూశాడు. ఎలిజబెత్ మరికొన్నేళ్ళు బతికింది.