అగస్టస్ సెయింట్-గాడెన్స్

అగస్టస్ సెయింట్-గాడెన్స్ (మార్చి 1, 1848 - ఆగష్టు 3, 1907) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శిల్పి. చికాగోలోని అబ్రహాం లింకన్ విగ్రహం (1887) ఈయన సృష్టి. నాణేల సేకర్తలకు మాత్రం 20 డాలర్ల బంగారు నాణెంపై స్వేచ్ఛామూర్తిని రూపొందించినవాడుగా చిరపరిచితుడు.

జీవితం

ఈయన ఐర్లాండులోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రాన్సు దేశస్థుడు, చెప్పులు కుట్టే వృత్తి. తల్లి ఐర్లాండు స్త్రీ. పసితనంలోనే కుటుంబం న్యూయార్క్‌కు వలస వెళ్ళింది. పదమూడవ ఏట, రాళ్ళపై చిన్న ఉబ్బెత్తు బొమ్మలు చెక్కే పనివాని వద్ద శిష్యుడుగా చేరాడు. వేలెడంత జాగాలో రూపాన్ని పలికించే నేర్పు అక్కడే అబ్బింది. 1867లో పారిస్ వెళ్ళి శిల్పవిద్య అభ్యసించాడు. 1897లో బోస్టన్‌లో ఆవిష్కరించిన షా స్మారకానికి సుమారు 14 ఏళ్ళు శ్రమించాడు. అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులను అందులో మూస బొమ్మలుగా కాక, ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముఖంతో మలచాడు.

నాణేలపై స్వేచ్ఛ

అమెరికా నాణేలపై స్వేచ్ఛకు చిహ్నమైన బొమ్మ ఉండాలని 1792 నాటి చట్టం నిర్దేశించింది. అందుకు స్త్రీమూర్తిని, కొన్ని నాణేలపై ఆమెతోపాటు ఒక టోపీని ముద్రించేవారు. ప్రాచీన రోములో దాస్యవిముక్తి పొందినవారు ధరించిన టోపీ అది. కాలక్రమేణా ఆ బొమ్మలు కళాకాంతులు కోల్పోయాయి. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ కొత్త రూపకల్పనను సెయింట్-గాడెన్స్‌కు అప్పగించాడు. అప్పటికే ఈయన క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు.

20 డాలర్ల నాణెంపై స్వేచ్ఛ కుడిచేత కాగడా, ఎడమచేత ఆలివ్ కొమ్మ ధరించి, సూర్యకిరణాల నడుమ మనకెదురుగా నడచి వస్తుంది. కాగడా వెలుగుకు, ఆలివ్ కొమ్మ శాంతికి సంకేతాలు. న్యూయార్క్‌లోని షెర్మన్ స్మారకంలో (1903) తాను మలచిన విజయదేవత నుండి ఈ రూపం పుట్టింది. ఆ దేవతకు నమూనాగా నిలిచినది హెట్టీ ఆండర్సన్ అనే నల్లజాతి యువతి. అమెరికాలో బానిసత్వం రద్దయినది 1865లోనే అని గుర్తుంచుకుంటే ఈ ఎంపిక విలువ తెలుస్తుంది.

10 డాలర్ల నాణెం కథ వేరు. రూజ్వెల్ట్ కోరిక మేరకు స్వేచ్ఛ శిరస్సుపై ఆదివాసుల ఈకల కిరీటం ఉంచబడింది. నిజానికి అది పురుషులైన యోధులు ధరించేది. పైగా అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో గానీ లభించలేదు.

ముద్రణ

బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉండటంతో ఒక్కొక్క నాణాన్ని పలుమార్లు అచ్చుకొట్టవలసి వచ్చింది. టంకశాల ప్రధాన చెక్కుడు నిపుణుడు చార్లెస్ బార్బర్ దీనిని వ్యతిరేకించాడు. వివాదం తేలకముందే సెయింట్-గాడెన్స్ మరణించాడు. తరువాత బార్బర్ ఉబ్బు తగ్గించాడు. ఆ రూపంలో 20 డాలర్ల నాణేల ముద్రణ 1933 వరకు సాగింది. 1986 నుండి వెలువడుతున్న అమెరికా బంగారు ఈగిల్ నాణేలపై మళ్ళీ ఈయన స్వేచ్ఛామూర్తినే స్వల్ప మార్పులతో ముద్రిస్తున్నారు.